బంద్ రోజు నా తొడ నొప్పి

తొడ వెనక కండరాలు పట్టేసి కొన్నాళ్లుగా ఎల్బీనగర్‌లో ఫిజియోథెరపీకి వెళ్తున్నాను. అక్కడి స్వరూప గారు కాలు పైకెత్తి సాగదీస్తుంటే ప్రాణం పోతుంది. ఈ రోజు తెలంగాణ బంద్. బస్సులు కూడా లేవు కదా అని ఫోన్ చేసి, నొప్పితో అడుగు వేయలేకపోతున్నాను, రాలేనని చెప్పేశాను.

సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటి ముందు ఖాళీ రోడ్డు మీద క్రికెట్ ఆడుతూ పరుగు తీస్తుంటే, ఇల్లు వెతుక్కుంటూ చెమటలతో ఆమె ఎదురయ్యారు.

"అడుగు పడ్తలేదన్నరు గద సార్, పరేషానై నడుసుకుంట ఒచ్చిన" అన్నారు.

తల దించుకుని లోపలికి తీసుకెళ్లాను. ఆమె ఎప్పటిలాగే కాలు పైకెత్తి సాగదీశారు. 'అబ్బా' అనడానికి కూడా సిగ్గేసింది. స్కూటర్ మీద దింపుతానంటే, "ఒద్దు సార్, కాలుకు జర రెస్ట్ ఇయ్యండి" అని నడిచే వెళ్లిపోయారు.

రేపు ఏ మొహం పెట్టుకుని వెళ్లాలో మీరే చెప్పండి.