లైను తెగినప్పుడు వచ్చే గొంతు

నేను కంప్యూటర్లు నేర్పి బతికేదాన్ని. ఏదైనా పలక్కపోతే తీగ ఎక్కడ వదులైందో వెతుకుతాను తప్ప, గాలీ ధూళీ అనే రకాన్ని కాదు. అయినా ఆదోనిలో మా వీధి మసీదు లైను తెగిందంటే ఇప్పటికీ నా వీపు చల్లబడుతుంది. భయపడే అర్హత కూడా నాకు లేదు. అంతా నా చేతి చలవే.

మాది పత్తి వ్యాపారుల ఇల్లు. నా కంప్యూటర్ సెంటరు గోడకు ఆనుకొని మసీదు, దాని వెనక మౌజన్ ఇల్లు. ఐదు పూటలా అజాన్ పిలిచే ఆయన్ని చిన్నప్పటి నుంచీ మామా అనే పిలిచాను, ఆయన భార్యను అత్తా అని. పత్తి లారీల రొదలో పెద్దరోడ్డు అవతలి ఇళ్ళకు అజాన్ వినపడదు. మంచం పట్టిన ముసలివాళ్ళకు నమాజు వేళ తెలిసేది కాదు. ఆ సంగతి మామే వచ్చి చెప్పాడు. "ఇన్ని డబ్బాలు పెట్టుకోని కూసున్నావు, దీనికేమన్నా ఉపాయం సెప్పమ్మీ" అన్నాడు.

ఉపాయం ఉంది. ఎక్కడెక్కడి వాళ్ళో రాసి, ఎవరైనా వాడుకోండని వదిలేసిన ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. ఒకటి మైకులోని శబ్దాన్ని కుదించి చిన్నది చేస్తుంది, ఇంకొకటి దాన్ని నెట్‌లో నలుగురికీ పంచుతుంది. పాత ఫోన్లకు బ్యాటరీ స్పీకర్లు తగిలించి, డబ్బాల్లా చేసి ఇళ్ళకు ఇచ్చాం. సరిగ్గా వస్తోందో లేదో చెప్పడానికి మొదటి డబ్బా అత్తే పెట్టుకుంది. ఎమ్మిగనూరులో కాపురముంటున్న వాళ్ళ కూతురు కూడా తన ఫోన్లో నాయన అజాన్ వినేది.

చిక్కల్లా ఒకటే. మసీదులో కరెంటు పోతే లైను తెగుతుంది. అప్పుడు బదులుగా వినిపించడానికి ఒక ఫైలు పెట్టుకోవచ్చు. మా సెంటరులో ఇన్వర్టరు ఉంది కాబట్టి, లైను వచ్చేదాకా అక్కడి కంప్యూటరు దాన్నే తిప్పి తిప్పి పంపుతుంది. మామను కూర్చోబెట్టి రికార్డు చేశాను. రెండుసార్లు దగ్గు వచ్చింది, ఒకసారి నవ్వు. చివరికి గొంతు సవరించుకొని, "లైను తెగింది. రెండు నిమిషాలు ఓర్సుకోండి" అన్నాడు. నెట్ సరిగ్గా అందని ఇళ్ళున్నాయి కదా అని దాన్ని వీలైనంత కుదించాను. అసలు రికార్డింగు చెరిపేశాను, చోటు దండగని. నా పొదుపు తగలెయ్య.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం మామ గుండె ఆగి పోయాడు. కొత్త మౌజన్ వచ్చాడు. ఆ ఫైలు సంగతి నాకు గుర్తే లేదు. పది రోజులకు, సాయంత్రం అసర్ నమాజు వేళ, పిల్లలకు పాఠం చెబుతున్నాను. మసీదులో కరెంటు పోయింది. బల్ల మీది స్పీకరులో మామ గొంతు సవరించుకొని, "లైను తెగింది. రెండు నిమిషాలు ఓర్సుకోండి" అన్నాడు. మళ్ళీ అన్నాడు. మళ్ళీ. ఎమ్మిగనూరు నుంచి కూతురు ఫోను. "అక్కా, మా నాయన మాట్లాడతాండాడు" అని ఒకటే ఏడుపు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, తప్పయిపోయిందని చెప్పుకోవడానికి అత్త దగ్గరికి పరుగెత్తాను. ఆమె ఇద్దత్‌లో ఉంది. భర్త పోయాక నాలుగు నెలల పది రోజులు గడప దాటకుండా ఉండాలి. తిడుతుందనుకున్నాను. ఆమె ముఖం వెలిగిపోతోంది.

"భయమెందుకమ్మీ, నలభై ఏండ్లు ఇన్న గొంతే గదా. కాకపోతే సన్నబడింది. ఆడ సరిగ్గా తింటాండాడో లేదో."

సన్నబడింది నా వల్ల. చెవికి పెద్దగా తెలియదులే అని ఆ ప్రోగ్రాము తీసి పారేసిన వాటిలో మామ గొంతులోని బొంగురు కూడా పోయింది. ఆ మాట ఆమెతో ఎలా అనను? తీసేయొద్దని చేతులు పట్టుకుంటే సరేనన్నాను.

ఇక ఎదురుచూడడం మొదలైంది. డబ్బా ఒడిలో పెట్టుకొని కూర్చునేది. కంచంలో చెయ్యి పెట్టి మరిచిపోయేది. రెండు నెలలకు కూతురు వచ్చి చూసి, తిన్నగా నా దగ్గరికి వచ్చింది. "అమ్మ నమాజు సేసి, లైను తెగాలని దువా అడుగుతాంది అక్కా. మనిషి సగమైపోయింది. నీకు పుణ్యముంటాది, తీసేయ్."

కూతురి మాట న్యాయమే అనిపించింది. మర్నాడు పొద్దున్నే ఆ ఫైలు తీసేసి, అవే మాటలు నా గొంతుతో చెప్పి పెట్టాను. మామ గొంతును మెమొరీ కార్డుకు ఎక్కించి, చిన్న ప్లేయరు ఒకటి తీసుకొని వెళ్ళాను. ఎప్పుడు కావాలంటే అప్పుడు వినొచ్చు అత్తా, లైను తెగేదాకా కూర్చోనక్కర్లేదు అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆమె దాన్ని ముట్టనైనా ముట్టలేదు. "మీట నొక్కితే పలికేది నాకెందుకమ్మీ? అది నేను పిలిసినట్టు. లైను తెగితే ఆయనే వస్తాడు, తనంతట తాను."

పాత ఫైలు మళ్ళీ పెట్టేస్తాను, కూతురు ఏమన్నా అనుకోనీ అని లేచాను. చెప్పులు వేసుకుంటుండగా వెనక ఫ్యాను నెమ్మదించింది. వీధి మొత్తానికి కరెంటు పోయింది.

కూర్చోమని అత్త సైగ చేసింది. "సద్దు సెయ్యాకు. వస్తాడు" అని కొంగు తల మీదికి లాక్కొని డబ్బా దగ్గరికి జరిగింది.

"లైను తెగింది. రెండు నిమిషాలు ఓర్చుకోండి" అంది డబ్బా, నా గొంతుతో. మళ్ళీ అంది. నేను చేత్తో నా నోరు మూసుకున్నాను. అదేమన్నా ఆగుతుందా?

అత్త చాలాసేపు డబ్బా వైపే చూసింది. తర్వాత నా వైపు తిరిగింది. ఆ ముఖంలో కోపం లేదు. ఉండి ఉంటే బతికిపోయేదాన్ని.

"ఆయన్ను యాడికి పంపిస్తివమ్మీ?" అంది.