అప్పగింతల్లో కారిన నా కళ్లు

రక్త క్యాన్సర్‌కు నేను రోజూ ఒక గోలీ వేసుకుంటాను. అది జబ్బును అదుపులో పెట్టింది కానీ నా కళ్లను మాత్రం కట్టేసినా కారే నల్లాలు చేసింది. ఆ గోలీతో కొందరికి అలా అవుతుందని దవాఖానలో చెప్పి, చుక్కల మందు ఇచ్చారు.

మా అబ్బాయి పెళ్లి దంతాలపల్లిలో జరిగింది. అప్పగింతల వేళ పిల్ల తల్లి కంటే నా కళ్లే ఎక్కువ కారాయి. కొంగుతో ఒత్తుకున్నకొద్దీ ఊరుతున్నాయి. అది చూసి వియ్యపురాలు తన ఏడుపు ఆపి నా దగ్గరకు వచ్చింది.

"ఊకో వదినా. పిల్లను తీస్కపోయేదే నువ్వు, నువ్వెందుకు ఏడుస్తున్నవ్?"

"ఏడుస్తలేను వదినా. గోలీ ఏసుకుంటే గిట్లనే కారుతయి."

ఒక్కరూ నమ్మలేదు. ఇంత మెత్తని మనసున్న అత్త దొరికిందని ఆడవాళ్లంతా పిల్లను దీవించారు. నా నోటి సంగతి తెలిసిన మా ఆయనకు దగ్గు వచ్చింది.

మొన్న పప్పు మాడిందని కోడలి మీద గట్టిగా అరిచాను. అరుస్తుంటే కళ్లు ధారగా కారాయి. ఆమె నిమ్మళంగా చుక్కల సీసా తెచ్చి నా ముందు నిలబడింది.

"అరుసుడు తర్వాత అత్తమ్మా. ముందుగాల తల పైకెత్తు."

ఎత్తాను.