రెండు మూతల పటేల్

2018 డిసెంబర్ ఆఖరు. అసెంబ్లీ ఎన్నికలు అయిపోయాయి. పోలీసు ఠాణాల్లో జమ చేసిన లైసెన్సు తుపాకులు ఒక్కొక్కటిగా రైతుల చేతికి తిరిగి వస్తున్నాయి. వికారాబాద్‌లో మా నాన్న నుంచి నాకు వచ్చిన తుపాకుల మరమ్మతు దుకాణానికి పని దొరికేది అలాంటప్పుడే. మిగతా రోజుల్లో తాళాలు, తూకం కాంటాలు బాగుచేసుకుంటూ కాలం గడిపేవాణ్ణి. పనిలో నాకు పేరుంది, పొగరూ ఉంది. మహమూద్ చెయ్యి పడితే మళ్లీ చూడక్కర్లేదని జనం అంటే కాదనేవాణ్ణి కాను.

బంట్వారం దగ్గరి పల్లె నుంచి బస్వరాజ్ పటేల్ అప్పుడే వచ్చాడు, గోనెపట్టాలో చుట్టిన భర్మార్‌తో. భర్మార్ అంటే మూతి నుంచి మందు పోసి, గుడ్డ కూరి, కడ్డీతో దట్టించి పేల్చే పాత తరహా తుపాకీ. పంట మీదికి వచ్చే అడవి పందులను చప్పుడుతో బెదరగొట్టడానికి ఆయన తండ్రి కాలం నుంచి ఆ ఇంటికి దానికి లైసెన్సు ఉంది.

"కడగకుండనే ఠాణాల ఇచ్చిన ఉస్తాద్. నాదే తప్పు," అన్నాడు రాగానే.

పేల్చిన మందు మసి లోపలే ఉంటే చెమ్మ పట్టి ఇనుమును తినేస్తుంది. గొట్టం బాగానే ఉంది గానీ బ్రీచ్ ప్లగ్ పోయింది. గొట్టం వెనక చివరను మూసే మర బిరడాను బ్రీచ్ ప్లగ్ అంటారు. పేలుడు బలమంతా దాని మీదే పడుతుంది. పేల్చేవాడి చెంప దానికి జానెడు దూరంలో ఉంటుంది.

లైసెన్సు తుపాకీని నా దుకాణం దాటించకూడదు. అందుకని పాత ప్లగ్ ఒక్కటే తీసుకుని తాండూరు పోయాను. అక్కడ బండల పాలిష్ మిషన్లకు విడిభాగాలు చేసే విఠల్ నాకు పాత దోస్తు. కొత్త ప్లగ్ లేతు మీద తిప్పి ఇచ్చాడు. దాన్ని గొట్టంలో కూర్చోబెట్టడం మాత్రం నా పని.

ఈ పనిలో ఒక చిక్కుంది. ప్లగ్ వెనక ఒక తోక ఉంటుంది, తుపాకీ కర్ర పిడికి బిగించే మేకు దాని గుండానే దిగుతుంది. ప్లగ్ ముఖం గొట్టం లోపలి గట్టుకు ఆనాలి, అదే సమయానికి తోక నిటారుగా పైకి రావాలి. రెండూ ఒక్కసారే కుదరాలి. ముఖానికి దీపం మసి పూసి బిగించి, విప్పి, ఎక్కడ తగిలిందో చూసి ఆకురాయితో ఒక్క గీటు తీయాలి. మళ్లీ మసి, మళ్లీ బిగింపు. మా నాన్న ఒక్కో ప్లగ్‌కు రెండు రోజులు కూర్చునేవాడు.

నేను మధ్యాహ్నానికి ముగించాలనుకున్నాను. ఎందుకంటే తుపాకీ కోసం తిరిగి వచ్చిన బస్వరాజ్ నా ఎదురుగా బల్ల మీదే కూర్చున్నాడు.

"నిన్న పందులు వచ్చి అరెకరం జొన్న తొక్కిపోయినయ్. ఇయ్యాల గిట్ల ఉత్త చేతులతోటి పోతే శరణమ్మకు ఏం చెప్పాలె?" శరణమ్మ ఆయన భార్య.

"జర ఆగు పటేలా, అయితది," అన్నాను. ఆ తొందరలో ఒక గీటు ఎక్కువ తీశాను. తోక నిటారుగా వచ్చింది గానీ లోపల ముఖం గట్టుకు ఆనలేదు. వెంట్రుక మందం సందు. విప్పి చూస్తే మసి ఎక్కడా చెదరలేదు.

ఇంకొకటి తిప్పించుకు రావాలి. అది నాకు తెలుసు. కానీ తాండూరు వెళ్లినప్పుడల్లా విఠల్ చేసే పని కళ్లారా చూసేవాణ్ణి. పాలిష్ మిషన్లు నీళ్లు పారుతుండగా నడుస్తాయి. ఏ మర వదులైనా నీళ్ల పైపులకు వాడే తెల్ల టేపు నాలుగు చుట్లు చుట్టి బిగిస్తే చుక్క కారదు. నేనూ అదే చేశాను. నీళ్లు ఆగినచోట నిప్పు ఆగుతుందా అని నన్ను నేను అడగలేదు.

ఆ తర్వాత తుపాకీని దుకాణం వెనక పాత ట్రాక్టర్ టైరుకు కట్టి, గోడ చాటు నుంచి తాడు లాగి పేల్చాను. బాగానే పేలింది. ఇక్కడ మా నాన్న నేర్పిన చివరి పని ఒకటి ఉంది. పరీక్ష పేల్చాక ప్లగ్ మళ్లీ విప్పి మరలు చూడాలి. మరల్లో నలుపు కనిపిస్తే సెగ కారుతోందని అర్థం. నేను విప్పలేదు. ఆటోకు టైమవుతోందని పటేల్ తొందర పెట్టాడు నిజమే. కానీ అసలు కారణం అది కాదు. విప్పితే నలుపు కనిపిస్తుందేమోనని భయపడ్డాను.

ఫిబ్రవరి దాటాక ఆయన తుపాకీ పట్టుకుని మళ్లీ వచ్చాడు. కుడి చెంప మీద కాలిన మచ్చ. కుడి కన్ను తెల్లగా, పాలపొర కట్టినట్టు ఉంది. చేనులో పేల్చినప్పుడు వెనక నుంచి సెగ కొట్టిందట. డాక్టర్లు చూపు రాదని చెప్పేశారు. ఆయన నన్ను నిలదీయడానికి వచ్చాడనుకున్నాను. 

"నువ్వు చేసిచ్చిన పని ఖరాబు చేసుకున్న ఉస్తాద్," అన్నాడు.

అప్పుడు నేను అడిగిన ప్రశ్న నన్ను ఈనాటికీ వదల్లేదు.

"మందు ఎంత పోసినవు పటేలా?"

"ఎప్పటి లెక్కనే. సీసా మూతతోటి ఒక్క మూత." వేళ్లతో మూత కొలత చూపించాడు. "చీకట్ల రెండు మూతలు పడ్డయో ఏమో. శరణమ్మ గూడ అదే అంటున్నది. నాకు సోయి లేదట."

"అట్లనే అయి ఉంటది," అన్నాను.

ఆయన తుపాకీ నా దగ్గర వదిలి వెళ్లాక ప్లగ్ విప్పాను. టేపు మాడి బూడిదయింది. మరలు మొదటి నుంచి చివరి దాకా నల్లగా ఉన్నాయి. రెండు మూతలు కాదు, అర మూత పోసినా అది ఒకనాటికి కారేదే. ఆ ప్లగ్‌ను సొరుగులో పెట్టి తాళం వేశాను. తుపాకీ పట్టుకుపోయిన పటేల్ దాన్ని ఠాణాలో అప్పగించి లైసెన్సు వాపసు ఇచ్చేశాడని తర్వాత తెలిసింది. ఒకరకంగా ఊపిరి పీల్చుకున్నాను కూడా. అంత నీచంగా ఉంది నా బుద్ధి అప్పుడు.

నాలుగేళ్లు గడిచాయి. ఒకరోజు తాండూరులో విఠల్ లేతు దగ్గర కూర్చుని ఉంటే బంట్వారం వైపు మనిషి ఒకాయన మాటల్లో నవ్వుతూ అన్నాడు. "మా దిక్కు రెండు మూతల పటేల్ అని ఒకడున్నడు. చాయ్ హోటల్‌కు వస్తే చక్కెర ఎన్ని మూతలు ఎయ్యాలె పటేలా అని అడుగుతరు అందరు. ఎక్కువ పోస్తడని పెండ్లాం ఆయన చేతికి యూరియా సుత ఇయ్యది."

విఠల్ కూడా నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. కన్ను ఒక్కటే పోగొట్టాననుకున్నాను ఇన్నాళ్లూ. ఆ మనిషి మాటకు ఇంట్లో, ఊళ్లో విలువ లేకుండా చేశానని అప్పుడు తెలిసింది.

మరునాడే సొరుగులోని ప్లగ్ జేబులో వేసుకుని వాళ్ల ఊరు పోయాను. పటేల్ వాకిట్లో కందికాయ ఒలుస్తున్నాడు. నిలబడే చెప్పేశాను. గీటు ఎక్కువ తీసిన సంగతి, టేపు చుట్టిన సంగతి, విప్పి చూడని సంగతి. ప్లగ్ ఆయన చేతిలో పెట్టాను. తిడతాడనుకున్నాను, కొట్టినా పడదామనుకున్నాను.

ఆయన ప్లగ్‌ను ఎడమ కంటి దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. తర్వాత ఇంట్లోకి కేక వేశాడు.

"శరణమ్మా, జర బయటికి రా."

ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఇప్పుడు చెప్పు ఉస్తాద్. ఆమె వినాలె."

మళ్లీ చెప్పాను. మొదటిసారి కన్నా కష్టమైంది. శరణమ్మ నా మొహం చూడలేదు, భర్త మొహమే చూస్తూ నిలబడింది. కాసేపటికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

పటేల్ లేచి తువ్వాల భుజాన వేసుకున్నాడు. "నాకు ఇంకేం వద్దు. చాయ్ హోటల్ దాక వస్తవా?"

వెళ్లాను. పదిమంది ఉన్నారు. మూడోసారి అక్కడ చెప్పాను.  హోటలాయన పటేల్‌కు చాయ్ ఇస్తూ చక్కెర సంగతి ఎత్తలేదు.

ఇప్పుడు నా దుకాణానికి ఏ భర్మార్ వచ్చినా పరీక్ష పేల్చాక ప్లగ్ విప్పి, మరలు తుపాకీ గలవాడికే చూపించి బిగిస్తాను. రెండు రోజులు పడితే రెండు రోజులు. కానీ నేను నేర్చుకున్నది ఆ పని కాదు. అది మా నాన్న చిన్నప్పుడే నేర్పాడు. చేతి తప్పు కన్నును తీసింది. నోటి తప్పు మనిషినే తీసింది. కన్ను ఎలాగూ పోయింది, ఆ రోజు మందు ఎంత పోశావని అడిగి, అట్లనే అయి ఉంటదని అనకుండా ఉంటే పేరైనా మిగిలేది.

మొన్న బంట్వారం నుంచి తాళం బాగుచేయించుకోవడానికి ఒక పడుచువాడు వచ్చాడు. మీ దిక్కు బస్వరాజ్ పటేల్ బాగున్నాడా అని అడిగాను. 

"ఏ బస్వరాజ్?" అన్నాడు. "రెండు మూతల పటేలేనా?"