ఏసోబన్నకు పని ఎందుకు దొరకలేదంటే

ఆదివారం వస్తోందంటే నాకు భయం. కొన్నేళ్లుగా ఇంతే. శనివారం సాయంత్రం చీర ఇస్త్రీ చేసుకుంటున్నప్పుడే మొదలవుతుంది. పాస్టరు గారితో చెప్పలేదు. మా ఆయనకూ చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు, నేను మిమ్మల్ని ఎరగను. అందుకే మీకు చెబుతున్నాను. ఓదార్చమని కాదు, తిట్టమనీ కాదు. మోసి మోసి అలసిపోయాను, అంతే.

మాది మియాపూర్‌లో చిన్న సంఘం. మందుల షాపు పైన కిరాయి హాలు, ప్లాస్టిక్ కుర్చీలు. ప్రసంగం అయ్యాక పాస్టరు గారు ప్రార్థన అవసరతలు అడుగుతారు. ఎవరికి ఏ కష్టముంటే వాళ్లు లేచి చెబుతారు. మోకాళ్ల నొప్పులు, పిల్లల పరీక్షలు, కోపిష్టి అత్తలు. అందరం కళ్లు మూసుకుని వాళ్ల కోసం ప్రార్థించి ఆమేన్ అంటాం. వెనక వరుసలోంచి ఏసోబన్న లేచేవాడు. “నాకు పని దొరకాలని ప్రార్థన చేయుండ్రి” అనేవాడు. అంతే, కూర్చునేవాడు. అందరితో పాటు నేనూ ఆమేన్ అనేదాన్ని. అతనికి పని దొరక్కుండా చేసింది నేను.

ఏసోబు అతని అసలు పేరు కాదు. అసలు పేరు ఇక్కడ రాస్తే చేసిన తప్పే మళ్లీ చేసినట్టవుతుంది. ఎందుకో మీకే తెలుస్తుంది.

అతను జీడిమెట్లలో ఒక రసాయనాల ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. అక్కడ జరిగిన ప్రమాదంలో అతని పక్కన పనిచేసే మనిషి చనిపోయాడు. తప్పు చనిపోయినవాడిదేనని చెప్పమన్నారు యజమానులు. ఏసోబన్న చెప్పలేదు. వాల్వు పాడైందని తాను ముందే మొత్తుకున్నానని, ఎవరూ పట్టించుకోలేదని అందరి ముందూ అన్నాడు. పనిలోంచి తీసేశారు. లేబర్ కోర్టుకు వెళ్లాడు. ఏళ్ల తరబడి తిరిగి గెలిచాడు. మళ్లీ పనిలోకి తీసుకోమని కోర్టు చెప్పేనాటికి ఫ్యాక్టరీ మూతపడింది. అతనికి మిగిలింది ఆ తీర్పొక్కటే.

తీర్పు వచ్చాక ఒక ఆదివారం హాల్లో నిలబడి సాక్ష్యం చెప్పాడు. దేవుడు చేసిన మేలు నలుగురిలో చెప్పుకోవడం మా దగ్గర అలవాటు. “నా మాట నమ్మదగినదని జడ్జి సాబ్ రాసిండు. ఫోన్ల నా పేరు కొడితే ఎవ్వరికైనా వస్తది” అన్నాడు. ఆ మొహంలో వెలుగు చూడాలి. మేం చప్పట్లు కొట్టాం. నేను కుర్చీలో కూర్చునే ఫోన్‌లో అతని పేరు కొట్టాను. వచ్చింది. తండ్రి పేరు, ఊరు, ఫ్యాక్టరీ పేరు, అన్నీ. ఒకప్పుడు ఇలాంటి కాగితం కావాలంటే కోర్టు చుట్టూ తిరగాలి, గుమస్తాలను బతిమాలాలి. ఇప్పుడు ఎవరైనా, పైసా ఖర్చు లేకుండా, ఉన్నచోటే చదువుకోవచ్చు. ఎంత మంచి పని చేశారు అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. ఆ వెంటనే ఇంకొకటి కూడా అనుకున్నాను.

నా ఉద్యోగం రాయదుర్గంలో. కొత్తగా పనిలోకి తీసుకునేవాళ్ల పూర్వాపరాలు ఆరా తీసి కంపెనీలకు చెబుతాం. వెరిఫికేషన్ అంటారు. అప్పటిదాకా క్రిమినల్ కేసులే వెతికేవాళ్లం. సోమవారం మీటింగులో నేను చెయ్యెత్తాను. లేబర్ కోర్టు తీర్పులు కూడా బయటే ఉన్నాయి కదా, అవీ వెతికితే? పాత యజమాని మీద కేసు వేసినవాడెవడో ముందే తెలిస్తే ఏ ఫ్యాక్టరీవాళ్లు మాత్రం వద్దంటారు? ఎలా ఉంటుందో చేసి చూపించమన్నారు. నమూనాకు నాకు తోచిన పేరు ఒక్కటే. గదిలో పెద్ద తెర మీద ఏసోబన్న పేరు పక్కన ఎర్ర గుర్తు పడింది. ఇలా చేయొచ్చా అని ఒకమ్మాయి నసిగింది కూడా. కోర్టే అందరి కోసం పెట్టింది, మనం చదువుతున్నాం, అంతే అన్నాను. ఎంత తడుముకోకుండా అన్నానో! అలాంటి పేర్లన్నీ జాబితా చేసి కంపెనీలకు అమ్మడం మొదలుపెట్టారు, అందులో మొదటి పేరు అతనిదే.

నేను అబద్ధమేమీ పెట్టలేదు. అదే నన్ను తినేస్తోంది. ఆ ఎర్ర గుర్తు మీద నొక్కితే తీర్పంతా తెరుచుకుంటుంది, అతను నిజం చెప్పాడని జడ్జి రాసిన మాటతో సహా. కానీ ఎవరు నొక్కుతారు? ఎరుపు చూశాక చదివే ఓపిక ఎవరికుంటుంది? చదవరని నాకు తెలుసు. చదవాల్సిన పని లేకుండా చేసినందుకే మాకు డబ్బిస్తారని కూడా తెలుసు. లోకమంతా చదువుకోవాలని పెట్టిన కాగితాన్ని ఎవరూ చదవకుండా వాడుకునే దారి కనిపెట్టాను నేను. ఆ ఏడాది నాకు ప్రమోషన్ వచ్చింది. నేనూ హాల్లో నిలబడి సాక్ష్యం చెప్పాను. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఏసోబన్నే.

ఆ తర్వాత ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర టీ తాగుతుంటే వచ్చి నిలబడ్డాడు.

“చెల్లె, జర ఒక్క మాట. నువ్వు కంప్యూటర్ల గిసొంటి పనే చేస్తవ్ గద. నా పేరు మీద ఏమన్న తప్పు పడ్డదా, చూస్తవా? పోయిన కాడల్లా మొదలు మంచిగ మాట్లాడుతుండ్రు. తర్వాత ఫోనే ఎత్తుతలేరు. మస్తు పరేషాన్ అయితున్న.”

“చూశానన్నా. ఏమీ లేదు” అన్నాను. చూస్తానని కూడా అనలేదు, చూశాననే అన్నాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. “దేవుడి సమయం రావాలి, అంతే” అన్నాను.

“నేను గూడ గట్లనే అనుకున్న. కోర్టు నా గురించి మంచిగనే రాసింది గద. ఇగ నుంచి దరఖాస్తు మీదనే ఆ కేసు నంబర్ రాసిస్త. చదువుకుంటే వాళ్లకే నమ్మకం కుదుర్తది.”

“మంచిదన్నా” అన్నాను.

ఆ మాట ఎలా అన్నాను? వద్దన్నా, ఆ కేసు ఊసే ఎత్తొద్దు అని ఒక్క ముక్క అనలేకపోయానా? అంటే ఎందుకని అడిగేవాడు. అడిగితే చెప్పాల్సి వచ్చేది. అక్కడ నిలబడ్డది అతను, నేను కాపాడుకున్నది నన్ను. టీ చల్లారిపోయిందని పారబోసి ఇంటికి వచ్చేశాను.

తర్వాత నేనేమీ చేయలేదనుకోకండి. చేశాను, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. ఆ ఒక్క పేరు తీసేద్దామని మేనేజరును అడిగాను. అతను కొత్తగా వచ్చినవాడు, నాకంటే చిన్నవాడు. “మేడం, కోర్టే అందరి కోసం పెట్టింది కదండీ, మనం చదువుతున్నామంతే” అన్నాడు. నా మాటే. కొత్తగా చేరినవాళ్లందరికీ అదే నేర్పిస్తున్నారట. పైగా మా దగ్గర తీసేసినా లాభం లేదు. ఆ జాబితా ఎప్పుడో కంపెనీలకు వెళ్లిపోయింది, వాళ్ల నుంచి ఎవరెవరికి చేరిందో ఎవరికీ తెలియదు. రాజీనామా చేయొచ్చుగా అంటారా? ఫ్లాటు అప్పుంది. చూశారా, నాకు సాకు ఎంత సిద్ధంగా ఉంటుందో. ఆ రోజు ఫ్యాక్టరీలో అబద్ధం చెప్పడానికి ఏసోబన్నకు నాకంటే పెద్ద సాకే ఉండింది, ఇల్లు గడవాలి. అయినా అతను చెప్పలేదు.

అతనితో ఒప్పుకోవాలని చాలాసార్లు అనుకున్నాను. ఎందుకు ఆగానో కూడా చెబుతాను. తిడతాడని కాదు. క్షమిస్తాడని. పోనీలే చెల్లె అంటాడు, నాకు తెలుసు. అంటే నేను హాయిగా నిద్రపోతాను, అతను మర్నాడు మళ్లీ పని వెతుక్కుంటూ జీడిమెట్ల బస్సెక్కుతాడు. అంత చవకగా బయటపడే అర్హత నాకు లేదు. ఇది కూడా సాకేనేమో. ఇప్పుడు నా మాట నేనే నమ్మలేను.

పోయిన ఆదివారం పాస్టరు గారు అవసరతలు అడిగినప్పుడు ఏసోబన్న ఎప్పటిలాగే లేచాడు. మనిషి బాగా చిక్కిపోయాడు. కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు. పని కోసం అడగలేదు.

“నేను చేసిన తప్పు ఏందో దేవుడు నాకు చూపియ్యాలె. ఎంత యాది చేసుకున్నా తెలుస్తలేదు. గందుకు ప్రార్థన చేయుండ్రి” అన్నాడు.

అతని భార్య కొంగుతో మొహం తుడుచుకుంది. అందరూ ప్రార్థించారు. అందరూ ఆమేన్ అన్నారు. నేను ఆమేన్ అనలేకపోయాను.

అతను ఏ తప్పూ చేయలేదు. నిజం చెప్పాడు. నిజం చెప్పాడని కోర్టు రాసింది. ఆ రాసినదాన్ని నేను అతని నేరంగా చేసి అమ్మాను. పని దొరకనివ్వకపోవడమే కాదు, నేను చేసినదాన్ని దేవుడి మీద మోపి అతని మీద అతనికే అనుమానం పుట్టించాను. ఈ నాలుగు ముక్కలు అతనికి చెప్పాలి. వచ్చే ఆదివారం చెబుతానని మీకు మాటివ్వలేను, నా సంగతి నాకు తెలుసు. మీకైతే చెప్పాను. కొంచెం తేలికగా ఉంది. తేలికపడినందుకు సిగ్గుగానూ ఉంది.