గజ్జెలు కట్టిన కంప్యూటర్

మా కంప్యూటర్ సార్ పోయారు. కబురు మా పాత బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో చూశాను. దండం పెట్టే చేతుల బొమ్మలు వరసగా పడ్డాయి. వాటి కింద ఒక క్లాస్‌మేట్ రాశాడు: "పాపం, మంచి మనిషి. ఆ లినక్స్ షోకులు మానేసి అందరిలా ఏ అకౌంట్స్ కోర్సో చెప్పుకుని ఉంటే బాగుపడేవారు." ఆ ముక్క నాకు మింగుడుపడలేదు. నలభై రోజులు దాటినా పడలేదు, అందుకే రాస్తున్నాను.

షోకులంటే ఏమిటో చూడనివాళ్ళకి చెప్పాలి. గవర్నర్‌పేటలో ఒక హోల్‌సేల్ బట్టల కొట్టు మేడ మీద సార్ ఇన్‌స్టిట్యూట్, అందులో ఎనిమిది సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్లు. అందరూ దొంగ విండోస్ సీడీలతో నెట్టుకొస్తున్న ఆ రోజుల్లో ఆయన, దానికి బదులు ఉచితంగా దొరికే లినక్స్ చెప్పేవారు. "ఇది ఊరందరిదమ్మా. నువ్వు కాపీ చేసుకో, పక్కింటివాళ్ళకీ ఇవ్వు. ఎవరికీ భయపడక్కర్లేదు" అని సీడీ చేతిలో పెట్టేవారు. అందులో తెర మొత్తం ఒక పెట్టెలా గిర్రున తిరిగేది. నాలుగు ముఖాల మీద నాలుగు పనులు. విండోని పట్టి లాగితే తాటిముంజెలా ఊగేది. మూసేస్తే మంటలు లేచి కాలిపోయేది. పనికి ఇదంతా అవసరమా అంటే, కాదు. కాకపోతే ఏం?

నన్ను చేర్పించడానికి వచ్చిన మా నాన్న కూడా అదే అడిగాడు. మాది కూచిపూడి పక్క ఊరు, వరి పండించే ఇల్లు.

"ఇది తిరిగితే ఏంటండీ లాభం?"

"మీ పక్కన కూచిపూడిలో కాళ్ళకి గజ్జెలెందుకు కడతారండీ? అవి లేకపోయినా అడుగు పడుతుంది కదా!"

నాన్న పెద్దగా నవ్వేసి, "అమ్మాయిని రేపట్నుంచి పంపిస్తానండీ" అన్నాడు.

ఆ పెట్టె ఊరికే తిరిగేది కాదు. ఒక ఫైల్లో ఒక్క లైను తప్పు కొడితే తెర నల్లగా అయిపోయేది. ఆ నల్ల తెర మీదే కమాండ్లు కొట్టుకుంటూ మళ్ళీ దారిలో పెట్టుకోవాలి. సార్ మా వెనక కుర్చీలో కూర్చుని, సాసర్లో టీ పోసుకుని తాగుతూ, "చెడగొట్టినవాళ్ళే బాగుచెయ్యాలి" అనేవారు. ఎంత బతిమాలినా మౌస్ ముట్టుకునేవారు కాదు.

ఒకసారి బాగుచెయ్యలేనంతగా చెడగొట్టాను. కొత్త వెర్షన్‌లో కొత్త ఎఫెక్టులు వచ్చాయని ఆత్రం. ఎక్కిస్తుంటే 'డిస్క్ మొత్తం తుడిచేసి వాడుకోనా' అని అడిగింది, సరే కొట్టేశాను. సార్ మూడేళ్ళుగా తెలుగులో టైప్ చేసుకున్న పాఠాలు అందులోనే ఉన్నాయి. ఒక్కటీ మిగల్లేదు. నేను వెక్కివెక్కి ఏడుస్తుంటే ఆయన తన కుర్చీ నా పక్కకి లాక్కున్నారు. "పాఠాలు పోయాయి గానీ చెప్పేవాణ్ణి ఉన్నాను కదమ్మా. కూర్చో. నేను చెప్తాను, నువ్వు కొట్టు" అన్నారు. ఆ ఎండాకాలమంతా ఆయన చెప్పారు, నేను కొట్టాను. ఇవాళ పది కంపెనీల కంప్యూటర్ సర్వర్లు చూసి పెడుతూ బతుకుతున్నానంటే, నల్ల తెర చూస్తే నేను బెదరనంటే, అది ఆ ఎండాకాలం పెట్టిన తిండే. బాగుపడటమంటే ఇంకేమిటో మా క్లాస్‌మేటే చెప్పాలి.

ఫోన్లు వచ్చాక ఇన్‌స్టిట్యూట్ మూతపడింది. కంప్యూటర్లన్నీ పాలిపోయి ఒకేలా తయారయ్యాయి. సార్ మాత్రం దిగి రాలేదు. "అద్దెకొంపలో ఉన్నట్టుందమ్మా. మేకు కూడా కొట్టుకోనివ్వరు" అని కొత్తవాటిని తిట్టిపోసేవారు. ఇంట్లో తన పాత కంప్యూటర్‌నే వాడుకున్నారు.

నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనకి వాళ్ళింటికి వెళ్ళాను. ఆ క్లాస్‌మేటూ వచ్చాడు. భోజనాలయ్యాక అతను సార్ కంప్యూటర్ దగ్గర నిలబడి ఆయన భార్యతో, "ఆంటీ, ఇందులోవన్నీ పీకేసి మామూలుది ఎక్కిస్తాను. మీకు సులువుగా ఉంటుంది" అంటూ జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు.

"దాని మీద చెయ్యి వెయ్యకు" అన్నాను. గదిలో అందరూ ఇటు తిరిగారు. తిరగనీ.

"అబ్బ, ఇప్పుడివి ఎవరు వాడతారు?"

"నేను వాడతాను బాబూ" అన్నారు ఆంటీ.

కళ్ళజోడు పెట్టుకుని, కుర్చీ లాక్కుని కూర్చున్నారు. తెర మీద సార్ ఫోటో ఉంది, బ్యారేజీ మీద గాలికి చొక్కా ఎగురుతూ. ఆంటీ వెతుక్కుని వెతుక్కుని రెండు మీటలు ఒకేసారి నొక్కారు. ఫోటో మీద ఒక చినుకు పడి నీళ్ళలో లాగా అలలు విచ్చుకున్నాయి. తర్వాత ఇంకొకటి. తర్వాత వానే.

"మంచం పట్టాక నేర్పారు. నా చెయ్యి పట్టుకుని మరీ" అన్నారు.

ఆయన ముఖం చినుకు చినుక్కీ చెదిరి, మళ్ళీ కుదురుకుంటోంది. ఆంటీ తెర తుడవబోతున్నట్టు కొంగు పట్టుకుని చెయ్యెత్తారు. మళ్ళీ ఏమనుకున్నారో, ఆ చెయ్యి ఒళ్ళో పెట్టేసుకుని, వాన పడనిచ్చారు.