చెవిలో రెండు చుక్కలు

మా మనవరాలు పుట్టిన అయిదో నిమిషానికే పరీక్ష రాసేసి పదికి తొమ్మిది తెచ్చుకుంది. గుండె, ఊపిరి, కదలిక, ఏడుపు అన్నిటికీ పూర్తి మార్కులే. మా వంశంలో ఎవరికీ అంత శాతం రాలేదని ఆసుపత్రి వరండాలో నిలబడి విజయవాడంతటికీ వినపడేలా చెప్పుకుంటున్నాను. మా వియ్యపురాలు గారు మాత్రం డాక్టరమ్మను పట్టుకుని, ఆ ఒక్క మార్కూ ఎందుకు తగ్గించారని నిలదీశారు. అది రంగుకి వేసే మార్కు, అరిచేతులూ అరికాళ్లూ ఇంకా నీలంగా ఉన్నాయి, చాలామంది పిల్లలకు అంతేనని డాక్టరమ్మ నచ్చజెప్పింది. వియ్యపురాలు గారికి పామర్రులో చీరల కొట్టుంది. రంగు గురించి ఆవిడకు ఇంకొకరు చెప్పడమా?

మర్నాడు డాక్టరమ్మ పిల్ల తలను అరచేతిలో పట్టుకుని కాస్త కిందికి జారనిచ్చింది. పిల్ల రెండు చేతులూ బార్లా చాపింది. అలా ఉలిక్కిపడాలట, అదీ పరీక్షేనట. వియ్యపురాలు గారు అంతకు మూరెడు ఎత్తున ఉలిక్కిపడ్డారు గానీ ఆవిడకెవరూ మార్కులు వెయ్యలేదు.

ఇంటికి పంపే రోజు చెవుల పరీక్ష. చిన్న గొట్టం చెవిలో పెడితే మిషను లోపలికి చప్పుడు పంపి, తిరిగొచ్చే జవాబు వింటుందట. కుడి చెవి జవాబిచ్చింది. ఎడమ చెవి ఇవ్వలేదు. మళ్లీ పెట్టారు. ఇవ్వలేదు. మా అమ్మాయి పిల్ల ఎడమ చెవి మీద చెయ్యి వేసి అలాగే కూర్చుండిపోయింది. నా నోట్లో జోకు ఎండిపోయింది.

పరీక్ష చేసే అమ్మాయి లైటు వేసి చూసి, "చెవిలో ఏమన్నా వేశారాండీ?" అంది.

వియ్యపురాలు గారు జన్మలో మొదటిసారి గొంతు తగ్గించారు. "రెండు చుక్కలేనండీ. గానుగ నూనె. కుడివైపు వేసేలోపు నర్సమ్మ వచ్చేసింది," అన్నారు.

నూనె వల్ల కావచ్చు, కాకపోనూ వచ్చు, వారం ఆగి తీసుకురండి, ఈలోగా చెవిలో ఏమీ వెయ్యకండి అన్నారు ఆసుపత్రి వాళ్లు. ఆ వారమంతా పళ్లెం పడినా, కుక్కర్ కూసినా, గన్నవరంలో విమానం దిగినా మేమంతా పిల్ల మొహం వంకే చూశాం. వియ్యపురాలు గారు ఎడంపక్క చిటికెలు వేసి వేసి వేళ్లు అరగదీసుకున్నారు. పిల్ల హాయిగా నిద్రపోయింది.

రెండోసారి వెళ్తే, గదిలో చప్పుడు ఉండకూడదన్నారు. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నారు. మిషను మీద ఆకుపచ్చ లైటు వెలిగింది. మా అమ్మాయి కళ్లు తుడుచుకుని, "అత్తయ్యగారూ, ఇక మాట్లాడొచ్చండీ," అంది.

ఆవిడ ఆ ఎడమ చెవి దగ్గరికి వంగి మెల్లిగా అన్నారు: "వినపడుతోందటగా తల్లీ. అయితే విను. ఆ ఒక్క మార్కూ రంగు దగ్గరే కొట్టేశారు. ఆ డాక్టరమ్మను మన కొట్టుకి రమ్మందాం, రంగంటే ఏమిటో చూపిద్దాం."