ఇంజన్ చల్లారే దాకా

"కోడలా, మీ మామ లేస్తలేడు" అని అత్త పిలిచిన పొద్దున నేను ఉరికొచ్చి గడప దగ్గరే ఆగిపోయాను. మామ పడుకున్న మంచం ముందుకు నేనెప్పుడూ పోలేదు. ఆ అలవాటు కాళ్లకు అంతగా పట్టింది. అత్త వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "రా బిడ్డా, ఇగ ఎవలకు సిగ్గువడుతవ్" అన్నది.

అప్పుడు చూశాను మామ ముఖం నిండుగా. ఎడమ కనుబొమ్మ మీద సన్నటి నల్లగీత ఉంది. బొగ్గుబాయిలో పనిచేసేటప్పుడు తగిలిన దెబ్బట, బొగ్గు లోపలే ఉండి మానిందట. అత్త చెప్పింది. ఒకే ఇంట్లో ఉండి, రోజూ చాయ్ పెట్టి, ఆ గీత సంగతి నాకు తెలియదు.

కోడలు మామ ముందు కూర్చోదు, ఎదురుపడి మాట్లాడదు. ఇది మా దిక్కు పాత పద్ధతి. ఇప్పుడు చాలా ఇళ్లలో పోయింది. నస్పూర్‌లో మా ఇంట్లో కూడా ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. మా తల్లిగారి ఊళ్లో నేర్చుకొచ్చిన పద్ధతి, దానికి తోడు నా సిగ్గు. నోరు పెగిలేది కాదు. మామ నన్ను మార్చాలని చూడలేదు. ఆయనే ఒక ఉపాయం చేసుకున్నాడు. నాతో చెప్పాల్సిన మాటలు వేరేవాటికి చెప్పేవాడు.

"తలుపా, చాయ్‌ల జర చక్కెర తక్కువెయ్యుమను" అనేవాడు. వాకిట్లో జీపు తుడుస్తూ, "ఓ బండీ, కోడలు పిల్ల తిన్నదా లేదా అడుగు" అనేవాడు. పిల్లి ఎదురైతే పిల్లికే చెప్పేవాడు. నేను లోపలి నుంచి గాజులు కదిలిస్తే అవునని, గిన్నె చప్పుడు చేస్తే కాదని ఆయనకు తెలిసేది. బాయి నౌకరీ అయిపోయాక ఆ పాత జీపు కొని కిరాయికి తిప్పేవాడు కనుక అన్నిటికంటే ఎక్కువ మాటలు జీపుకే పడేవి.

పెళ్లయిన కొన్నాళ్లకే మా ఆయన దుబాయి పోయాడు. ఇంట్లో నా మౌనం ఇంకా పెరిగింది. "మీ కోడలు మూగదా, లేకుంటే పొగరా" అని పక్క క్వార్టర్ల వాళ్లు అత్తను అడిగేవాళ్లు. మేమంటే దీనికి ఇష్టం లేదేమోనని అత్తకు మనసులో పడింది. కొడుకు వచ్చేదాకా తల్లిగారింట్లో ఉండనీ అన్నది. నా చీరలన్నీ, రోజూ కట్టేవి చిన్న సంచిలో, మిగతావి పెద్ద సంచిలో సర్దించింది. కోపంతో కాదు, నా మంచికే అనుకుంది. ఆ పెద్ద సంచి చూసి నాకు మాత్రం ఇక పిలవరేమో అనిపించింది. వద్దని ఎవరికి చెప్పను?

మామ జీపులో ఆసిఫాబాద్ దాటి ఘాట్ ఎక్కాము. అత్త ముందు సీట్లో నిద్రపోతోంది. ఒక వంపు దగ్గర మామ బండి పక్కకు ఆపాడు. "ఇంజన్ వేడెక్కింది. సల్లారేదాక ఎవలన్న దిగి సూడదల్చుకుంటే సూడొచ్చు" అని స్టీరింగ్‌కు చెప్పాడు.

ఆ వంపు నాకు తెలుసు. పెళ్లికూతురిగా ఇదే జీపులో వచ్చేటప్పుడు తల తిప్పి తిప్పి చూసింది ఆ చోటునే. కొండ పక్కన నల్లటి రాతి కంబాలు. ఒక్కోటి ఆరు పలకలతో పెన్సిల్ లాగా ఉంటుంది. కొన్ని నిలువుగా నిలబడి ఉంటాయి, కొన్ని అడ్డంగా కట్టెలు పేర్చినట్టు ఉంటాయి. విరిగిన మొదళ్లు పీటల్లాగా లోయ అంచు దాకా పరుచుకున్నాయి. నేను తల తిప్పి చూడడం ఆ రోజు మామ అద్దంలో చూశాడని ఇప్పుడు బండి ఆపాకే నాకు అర్థమైంది.

ఆయన పోయి ముందున్న మొదలు మీద, నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. పక్కనున్న కంబాన్ని తట్టి దానితోనే మాట్లాడాడు.

"నిన్ను ఎవలు శెక్కలేదట గదా. భూమిలకెంచి అగ్గి ఎల్లి, నిమ్మళంగ సల్లారి సల్లారి గిట్లయినవట. సదువుకునే పోరగాండ్లు చెప్పిండ్రు." మళ్లీ ఒకసారి దాన్ని తట్టాడు. "మా కోడలు పిల్లను కూసోమను. నా ఎన్కకు కన్నుల్లేవు."

నేను కూర్చున్నాను. మామ ఉన్నచోట కూర్చోవడం అదే మొదలు. రాయి ఎండకు వెచ్చగా ఉంది.

"ఇంకొకటి అడుగు, రాయీ. మా ఇంట్ల ఉండుడు ఆమెకు ఇష్టమేనా? ఇష్టం లేకుంటే బలిమి లేదు. ఇష్టముంటే ఆమె అత్తకు నేను చెప్పుకుంట."

గాజులు కదిలించాను. గాలికి వినబడలేదేమో, ఆయన కదలలేదు. నా పక్కనున్న కంబం మీద చెయ్యి పెట్టి దానికే చెప్పాను.

"ఇష్టమే అని చెప్పు. నాకు మాట్లాడ రాదు గంతే."

మామ తిరిగి చూడలేదు. "వినవడ్డది" అని రాయికే చెప్పి లేచాడు. "ఇగ ఇంజన్ సల్లారింది."

మా తల్లిగారింటి ముందు చిన్న సంచి ఒక్కటే దించాడు. పెద్దది జీపులోనే ఉంచాడు. అత్త అడిగితే, "మల్ల తెచ్చుడెందుకు, వారంల వచ్చేదే గదా" అన్నాడు. అత్త నావైపు చూసింది. నేను తల ఊపాను. ఆమె కళ్లు తుడుచుకుని, ఈ ముక్క ముందే చెప్పొద్దా అని నన్ను తిట్టింది.

తర్వాత ఆ దారిలో ఎప్పుడు పోయినా జీపు ఇంజన్ అదే వంపు దగ్గర వేడెక్కేది. చలికాలంలో కూడా వేడెక్కేది. మామ తన రాయి మీద, నేను వెనక నా రాయి మీద. మా అవ్వ ఎట్లున్నదో, మా ఆయన ఫోన్‌లో ఏమన్నాడో, అన్నీ ఆ కంబాలే విన్నాయి. ఎదురుగా మాత్రం నేను ఆయనను "మామా" అని ఒక్కసారి కూడా పిలవలేదు.

మామ దినాలకు మా ఆయన దుబాయి నుంచి వచ్చాడు. అన్నీ అయ్యాక నన్ను తల్లిగారింటికి అదే జీపులో తీసుకుపోయాడు. వంపు దగ్గర ఆపమన్నాను. ఎందుకన్నాడు. ఇంజన్ వేడెక్కిందన్నాను. "మంచిగనే ఉన్నది గదా" అని మీటరు చూపించాడు.

"ఆపు. జర సల్లారనియ్యి."

దిగి, కొంగు నెత్తి మీదికి లాక్కుని నా రాయి మీద కూర్చున్నాను. మా ఆయన పోయి ముందున్న మొదలు మీద కూర్చోబోయాడు. "అది మామది, ఇటు రా" అన్నాను. ఆయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మా ముందు ఆ రాయి ఖాళీగా ఉంది. దానికి అవతల లోయ, కింద ఎక్కడో ఘాట్ ఎక్కుతున్న బస్సు చప్పుడు.